చూపించడమూ అనువాదమే

వానలు వెనుకపట్టి, ఇంద్రావతి నీటిలో ఎరుపు తగ్గనారంభించిన నాటినుంచి జగదల్‌పూర్‌లో కాపురముంటున్న తెలుగువారి ఇళ్ళలో ఫోను మ్రోగడం ఎక్కువవుతుంది. “ఈ దసరాకు మీ వైపు వద్దామనుకొంటున్నాము. చూడదగినవేమున్నాయి?” అని అవతలి గొంతు అడుగుతుంది. చుట్టం రాక ఎవరికి సంతోషం కాదు? కాని ఇంతదూరం వచ్చినవారిని ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపలేము గదా! కారు తీయాలి, దారి చూపాలి, తిరిగి అలసి వచ్చాక వారి మెప్పునూ పెదవి విరుపునూ సమంగా భరించాలి.

మా ఇంట ఇందుకొక పాఠ్యక్రమం ఏర్పడిపోయింది. మొదటి రోజు చిత్రకోట్ జలపాతం, రెండవ రోజు దంతేవాడ గుడి, మూడవ రోజు కాంగేర్ లోయ. ఎన్నిసార్లు తిరిగానో లెక్క తప్పింది. నేను వృత్తిచేత అనువాదకుణ్ణి. ఆంగ్ల సాహిత్యం చదువుకొని, ఒకరి మాటను మరొకరి భాషలో పెట్టి బ్రతుకుతున్నవాణ్ణి. అతిథులతో తిరిగే ఈ మూడు రోజులూ నా పనికి అంతరాయమని చాలాకాలం లోలోపల విసుగుకొనేవాణ్ణి. కొన్నేళ్ళ క్రితం వచ్చిన మా మేనత్త ఆ విసుగు పోగొట్టింది. పోగొట్టి, దాని స్థానంలో మరొక బాధ పెట్టి వెళ్ళింది. ఆ సంగతి చెప్పాలనే ఈ నెల ఈ పేజీ.

అత్తయ్యకు అప్పటికి డెబ్బై నాలుగేళ్ళు. ఊరు విజయనగరం. ఆమె కొడుకు, అంటే మా బావ, స్విట్జర్లాండులోని జూరిక్‌లో ఇంజనీరు. భార్యనూ పదహారేళ్ళ కూతురినీ వెంటబెట్టుకొని సెలవులకు వచ్చాడు. “అమ్మకు దంతేశ్వరిని చూడాలని ఉన్నది, నాకు నిన్ను చూడాలని ఉన్నది” అన్నాడు. నేనే విశాఖపట్నం వెళ్ళి వారిని ఎక్కించుకొన్నాను. అక్కడినుంచి జగదల్‌పూర్‌కు సుమారు మూడువందల కిలోమీటర్లు.

సాలూరు దాటగానే కనుమ మొదలవుతుంది. చల్లని గాలి, మలుపు మలుపుకూ క్రిందికి జారిపోయే పొలాలు, దూరాన మబ్బులో దేవ్‌మాలి. ఒడిశాలోకెల్లా ఎత్తయిన ఆ శిఖరం 1,672 మీటర్లు. బావ కిటికీ అద్దం దించి, “అచ్చం మా ఆల్ప్స్ లాగే ఉన్నదిరా!” అన్నాడు. ఇది నేను ఎదురుచూస్తున్న మాటే. రాయపూర్ వైపునుంచి కేశ్‌కాల్ కనుమ ఎక్కి వచ్చే బంధువులూ అదే మాట అంటారు. వారిలో ఒక్కరైనా ఆల్ప్స్ చూసినవారు కారు, అంతే తేడా.

బావ మాత్రం ఆ కొండలను బాగా ఎరిగినవాడు. ఇటలీలోని స్టెల్వియో కనుమ 2,757 మీటర్ల ఎత్తున ఉన్నదని, ఒక్క ప్రక్కనే 48 మెలికలు ఉన్నవని, స్విట్జర్లాండు కొండదారుల్లో పచ్చని తపాలా బస్సులు మలుపు దగ్గర మూడు స్వరాల బూర ఊదుకొంటూ వస్తాయని చెప్పుకొచ్చాడు. ఆ స్టెల్వియో రోడ్డును 1820, 1825 సంవత్సరాల నడుమ ఆస్ట్రియా సామ్రాజ్యం వేయించింది. అది విహారం కోసం వేసినది కాదు, లొంబార్డీమీద పట్టు నిలుపుకోవడానికి వేసినది. మేము వెళుతున్న తూర్పు కనుమలకూ అటువంటి కథే ఉన్నది. ఇక్కడి కొండలను తొలిచి 1960వ దశకంలో రైలుమార్గం వేసినది బైలడిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, జపానుకు పంపడానికి. అందమైన దారులు చాలావరకు ఇలాంటి అవసరాలకే పుట్టాయి. మనం ఆనక వచ్చి కిటికీలోంచి చూస్తాము.

“నీకు మూడు రోజులే. నాకు వేసవంతా ఇదే పని” అన్నాడు బావ నవ్వుతూ. గుంటూరునుంచి, హైదరాబాదునుంచి ఎవరు వచ్చినా ఇంటర్లాకెన్‌కు తీసుకువెళ్ళాలి. హిందీ సినిమాలు తీసిన చోట నిలబెట్టి ఫొటో తీయాలి. అక్కడ యశ్ చోప్రాకు 2016లో విగ్రహమే పెట్టారు. దగ్గరలో, బ్రియెంజ్ సరస్సు ఒడ్డున, ఇజెల్ట్‌వాల్డ్ అనే పల్లె ఉన్నది. నాలుగువందల పైచిలుకు మనుషులుండే ఊరు. ఒక కొరియా ధారావాహికలో నాయకుడు ఆ ఊరి పడవల రేవుమీద కూర్చొని పియానో వాయిస్తాడు. అంతే, ఆ రేవుమీద ఒక ఫొటో దిగడానికి ప్రపంచం నలుమూలలనుంచి జనం వచ్చి పడ్డారు. 2023లో ఊరివారు రేవు ముందర తిరుగుడు గేటు పెట్టి, మనిషికి అయిదు ఫ్రాంకులు వసూలు చేయవలసి వచ్చింది.

“ఫుర్కా కనుమ దగ్గర రోన్ హిమానీనదం ఉన్నది” అన్నాడు బావ. “లోపల మంచుగుహ. మంచు కరిగిపోకుండా వేసవిలో దానిమీద తెల్లని దుప్పట్లు కప్పుతూ వచ్చారు. వచ్చిన చుట్టాలు ఆ దుప్పట్లు ఏమిటని అడిగితే, నేను ఏదో చెప్పి గుహలోకి తీసుకుపోయేవాణ్ణి. సెలవుకు వచ్చినవాళ్ళకు మంచు చచ్చిపోతున్నదని చెప్పడం ఎందుకు?”

నేను తల ఊపాను. ఆతిథేయుల మధ్య అది రహస్యమైన ఒప్పందం వంటిది. ఆ మాటను మరునాడు జ్ఞాపకం చేసుకోవలసి వస్తుందని అప్పుడు తెలియదు.

మొదటి రోజు చిత్రకోట్. జగదల్‌పూర్‌కు నలభై కిలోమీటర్ల లోపు దూరం. ఇంద్రావతి నది నిండుగా వచ్చి గుర్రపులాడం ఆకారంలో ఉన్న రాతి అంచుమీదనుంచి ఒక్కసారిగా దూకుతుంది. ఎత్తు ముప్ఫై మీటర్ల లోపు, వానాకాలంలో వెడల్పు దాదాపు మూడువందల మీటర్లు. ఎక్కడ చూసినా దీనికి ‘భారతదేశపు నయాగరా’ అనే బిరుదు తగిలించారు. నాకీ బిరుదంటే గిట్టదు. ఒక కవిని మరొక దేశపు కవి పేరుతో పిలిచి గౌరవించామనుకొనే విమర్శకుడి పని వంటిది ఇది. నయాగరాలో పెద్ద జలపాతం దీనికి ఇంచుమించు రెట్టింపు ఎత్తు. పోల్చిన మరుక్షణం చిత్రకోట్ చిన్నబోతుంది. దానిదైన విశేషం మాత్రం కంటపడదు.

ఆ విశేషమేమిటి? ఈ నది రంగు మారుస్తుంది. వానల్లో ఎర్రమట్టి నీరు, చలికాలానికి తేట. వేసవిలో ఒకటి రెండు పాయలుగా సన్నబడి, రాయి బయటపడుతుంది. ఒడిశా సరిహద్దు దగ్గర ఇంద్రావతి నీటిలో కొంత భాగం జోరా నాలా అనే వాగుగుండా శబరి వైపు మళ్ళిపోతుంది. ఈ నీటి పంపకం గురించి రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా వాదించుకొంటున్నాయి. చిత్రమేమంటే ఎటు వెళ్ళినా ఆ నీరు చివరకు చేరేది మన గోదావరినే. శబరి కూనవరం దగ్గర కలుస్తుంది, ఇంద్రావతి భద్రకాళి దగ్గర. ఇదంతా నేను అతిథులకు చెప్పను. “నయాగరా, నయాగరా” అని వారు కేరింతలు కొడితే సరే అంటాను. ఆ రోజూ అంతే చేశాను.

అత్తయ్య మాత్రం గట్టుమీద కూర్చొని, “ఇంత నీళ్ళు పోతున్నాయిగదా, ఈ ఊళ్ళవాళ్ళకు ఎండాకాలం మంచినీళ్ళుంటాయిట్రా?” అని అడిగింది. నేను జవాబు దాటవేసి, పడవ ఎక్కుదాం రమ్మన్నాను.

రెండవ రోజు దంతేవాడకు బయలుదేరాము. ఎనభై అయిదు కిలోమీటర్ల ప్రయాణం. దారిలో ఒక ఊరి సంత. బస్తర్‌లో సంతను చూడకుండా ఏమీ చూసినట్టు కాదు. వారమంతా అడవిలో చెల్లాచెదురుగా బ్రతికే మనుషులు ఒకరినొకరు చూసుకొనేది అక్కడే. ఉప్పూ బట్టా కొనేదీ, పెళ్ళి మాటలు కలిపేదీ, చావుకబుర్లు తెలిపేదీ అక్కడే. ఆకుదొప్పల్లో ఎర్రచీమలు, జీలుగు కల్లు కుండలు, కోడిపుంజులు, అల్లం, ఎండుచేపలు. బావ కూతురు ఫోను తీసి, నేలమీద గోనెపట్టా పరచుకొని సీతాఫలాలు అమ్ముతున్న ఒక ముసలమ్మ ఎదుట నిలిచి గురిపెట్టింది. ఆమె మాట్లాడలేదు. బుట్ట ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకొన్నది.

పిల్ల బిత్తరపోయింది. “సారీ మావయ్యా, అడగాల్సిందా?” అన్నది. అడగవలసిందే. కాని ఆ పిల్లను ఏమని మందలించను? పూర్వం వచ్చిన అతిథులతో, “తీసుకోండి, వీళ్ళేమీ అనరు” అని ధైర్యం చెప్పినవాణ్ణి నేనే. ఆక్స్‌ఫర్డులో ఆంగ్ల సాహిత్యం చదివిన వెరియర్ ఎల్విన్ ఈ బస్తర్ మనుషుల మధ్య ఏళ్ళు గడిపి, 1943లో మారియాలమీద, 1947లో మురియాల ఘోటుల్‌మీద పెద్ద గ్రంథాలు వ్రాశాడు. ఆయన వ్రాసినదానితో ఏకీభవించని పండితులున్నారు గాని, కూర్చొని వినకుండా వ్రాశాడని ఎవరూ అనలేదు. ఆయన గ్రంథాలు చదివినవాణ్ణి, నేనన్న మాట అది.

అంతలో అత్తయ్య ఆ ముసలమ్మ ఎదుట చతికిలబడి, కాయలను ముట్టి చూస్తూ, తన ధోరణిలో తెలుగులో లెక్కపెట్టసాగింది. “ఒకటి, రెండు, మూడు, నాలుగు...” ముసలమ్మ బుట్ట దించింది. చూసింది. తానూ లెక్కపెట్టింది. “ఉండి, రండ్, మూండ్, నాలుంగ్...” ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వారు. గోండి మన భాషకు దగ్గర చుట్టం. ఆ భాషలో నీళ్ళను ‘ఏర్’ అంటారు. మనకు ఏరు అంటే పారే నీరు. భాషాశాస్త్రం చదవని ఆ ఇద్దరు ఆడవాళ్ళు సీతాఫలాల కుప్ప దగ్గర ఆ బంధుత్వాన్ని అరనిమిషంలో పట్టుకొన్నారు.

“ఏ ఊరమ్మా మీది?” అని అత్తయ్య అడిగింది. నేను హల్బీలో అడిగాను. ఇక్కడ వేర్వేరు భాషలవారు సంతలో మాట్లాడుకొనే ఉమ్మడి భాష అది. ముసలమ్మ చాలాసేపు చెప్పింది. తన ఊరు ఇంద్రావతికి ఆవల. జుడుం నాటి రోజుల్లో ఇల్లు కాలిపోయింది. ఎవరు కాల్చారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. కొన్నాళ్ళు రోడ్డుప్రక్క శిబిరంలో, తరువాత చుట్టాల ఊళ్ళో. ఒక కొడుకు మిరపకోతకని ఆంధ్ర వైపు పోయి తిరిగి రాలేదు. మొదట్లో కబురు అందేది, ఇప్పుడు అందడం లేదు. ఒక ఊరి పేరు చెప్పి, ఈ అమ్మ తెలుగు మాట్లాడుతున్నది గనుక ఆ ఊరు ఎరుగునేమో అడగమన్నది.

నేను అత్తయ్యతో, “దూరపు ఊరట, చుట్టాల ఇంట్లో ఉంటున్నదట” అన్నాను. ముసలమ్మతో, “ఆమెకు తెలియదట” అన్నాను. కాయలకు డబ్బిచ్చి అందరినీ కారెక్కించాను.

ఎందుకలా చేశాను? దుర్బుద్ధి ఏమీ లేదు. పొద్దెక్కుతున్నది. గుడి మధ్యాహ్నం మూస్తారేమోనని తొందర. పైగా పండుగ రోజులు. సెలవుకు వచ్చినవారి మనసు కష్టపెట్టడం ఎందుకు? రోన్ హిమానీనదంమీద దుప్పటి కప్పినట్టే నేనూ కప్పాను.

దంతేవాడలో శంఖినీ డంకినీ నదులు కలిసే చోట దంతేశ్వరి గుడి. ప్యాంటుతో లోనికి పోనివ్వరు, ధోవతి కట్టుకోవలసిందే. బావ తిప్పలు చూసి కూతురు పకపక నవ్వింది. తెలుగువారికి ఈ గుడిపై ఒక ప్రత్యేకమైన మమకారం ఉన్నది. 1323లో ఓరుగల్లు పతనమైనప్పుడు ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని ఇక్కడి రాజవంశ సంప్రదాయం. దేవి అతనికి వరమిచ్చిందట. ‘నీవు ముందు నడు, నేను వెనుక వస్తాను. ఎంతదూరం నడిస్తే అంతా నీ రాజ్యం. వెనుదిరిగి చూడకు’ అని. నదుల కూడలి దగ్గర ఇసుకలో దిగబడి అందెల చప్పుడు ఆగిపోయింది. అతడు వెనుదిరిగి చూశాడు. దేవి అక్కడే నిలిచిపోయింది. అత్తయ్య ఈ కథను కన్నార్పకుండా విన్నది. “అంటే ఆవిడా మనలాగే అటునుంచి ఇటు వచ్చిన చుట్టమేనన్నమాట!” అన్నది.

మన రాక అంతకుముందే మొదలయింది. దగ్గరలోని బార్సూర్ నాగవంశపు రాజుల రాజధాని. అక్కడ పదకొండవ శతాబ్ది నాటి తెలుగు శాసనం దొరికింది. తొమ్మిదివందల ఏళ్ళకు పైగా మనం ఈ నేలకు వస్తూనే ఉన్నాము, ఒకప్పుడు రాజులుగా, ఒకప్పుడు వర్తకులుగా. 1980లో గోదావరి దాటి ఈ అడవిలోకి తొలిగా వచ్చిన సాయుధ దళాలూ తెలుగు నేలనుంచే వచ్చాయి. చుట్టాలమని చెప్పుకొనేటప్పుడు ఈ చివరి సంగతి మనం చెప్పుకోము.

గుడిలో రెండు శిలాశాసనాలున్నవి. అనువాదకుణ్ణి గనుక వాటి దగ్గర నేను ఎప్పుడూ కొంత ఎక్కువసేపు నిలుస్తాను. 1703లో దిక్పాలదేవుడనే రాజు నవరంగపూర్ కోటను గెలిచి, పురజనులతోను కుటుంబంతోను ఈ దేవిని సేవించుకోవడానికి వచ్చాడు. శాసనం దాన్ని కుటుంబ యాత్ర అనే పేర్కొన్నది. నాకు తెలిసినంతలో బస్తర్‌లో బంధుమిత్రులతో చేసిన ప్రయాణాల్లో రాతిమీదికెక్కినది ఇదే. ఒక రాయిమీద సంస్కృతం. రెండవ రాయిమీద అదే విషయం జనభాషలో. కలియుగంలో సంస్కృతం చదవగలవారు తక్కువ, అందుచేత మరొక రాయిమీద భాషలో వ్రాయించామని ఆ రాయే చెబుతుంది. వ్రాసినవాడు భగవాన్ మిశ్రుడనే మైథిల పండితుడు. మూడువందల ఏళ్ళనాటి అనువాదకుడు తన పనికి చెప్పుకొన్న కారణం అది. నేను నా పనికి అంతకన్న మంచి కారణం ఇంతవరకు చెప్పలేకపోయాను.

“ఏమని వ్రాశాడు?” అన్నాడు బావ. రాజు వంశం, ఓరుగల్లు ప్రస్తావన చెప్పాను. ఆ యాత్రలో వేల దున్నలను, మేకలను బలి ఇచ్చారని, శంఖినీ నది అయిదు రోజులు ఎర్రగా పారిందని కూడా ఉన్నదని చెప్పాను. బావ భార్య చెవులు మూసుకొని, “అది కూడా వ్రాయాలా అన్నయ్యగారూ?” అన్నది.

“వ్రాశాడమ్మా. మొదటి రాయిమీద ఉన్నదాన్ని రెండవ రాయిమీద దాచలేదు” అన్నాను. అన్న మరుక్షణం గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

అత్తయ్య అప్పుడేమీ అనలేదు. బయటికి వచ్చి, నది మెట్లమీద కూర్చొని, సీతాఫలం ఒలుచుకొంటూ తీరికగా అడిగింది. “ఒరే బాబూ, పొద్దున ఆవిడ అంతసేపు మాట్లాడింది. నువ్వు నాకు రెండు ముక్కలే చెప్పావు. మిగతాది ఏమయింది?”

చెప్పాను. 2005లో ప్రభుత్వం అండతో సల్వా జుడుం పేరిట మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం, ఖాళీ అయిన ఊళ్ళు, శిబిరాలు, రెండు తుపాకుల నడుమ నలిగి గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి పోయిన వేలమంది. అక్కడ గుత్తికోయలని పిలిచేది వారినే. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా చేసి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పిన సంగతి. ఆ తరువాత ముసలమ్మ కొడుకు సంగతి. ఆమె అడగమన్న ప్రశ్న, నేను అడగకుండానే చెప్పిన జవాబు.

అత్తయ్య ఒలుస్తున్న కాయను ప్రక్కన పెట్టింది.

“మా చిన్నది కొత్తగూడెంలోనే ఉన్నదిగదరా! వాళ్ళ చేలోకి మిరపకోతకు వచ్చేది వీళ్ళే. నన్నడిగిన మాట నాకు చెప్పకుండా నువ్వెలా మింగావు? ఏ ఊరని అడిగింది?”

నాకు జ్ఞాపకం రాలేదు. ఎంత తన్నుకొన్నా రాలేదు. చెవితో విన్నాను గాని, మోయవలసిన మాట అనుకోలేదు గనుక మనసు దాన్ని అక్కడే వదిలేసింది. తిరిగి వచ్చేటప్పుడు సంత దగ్గర ఆగాము. పొద్దు వాలింది, జనం చెదిరిపోయారు. ఆమె కూర్చున్న చోట సీతాఫలపు తొక్కలున్నాయి.

మూడవ రోజు కాంగేర్ లోయకు వెళ్ళాము. ఉత్తరాది సాల అడవీ దక్షిణాది టేకు అడవీ కలిసే చోటు అది. 1982లో జాతీయ వనమైంది. ఆ దారి దర్భా మీదుగా పోతుంది. ఎప్పుడూ మౌనంగా దాటించే ఆ ఘాట్‌లో ఈసారి కారు నెమ్మది చేసి, ఎవరూ అడగకుండానే చెప్పాను. 2013 మే 25న ఈ ఝీరమ్ లోయలోనే ఒక రాజకీయ పక్షపు వాహనాల వరుసపై మావోయిస్టులు దాడి చేశారని, ఇరవై అయిదుగురికి పైగా చనిపోయారని. కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. విహారం చెడిపోయిందని నేను భయపడ్డాను. కాని తీరథ్‌గఢ్ దగ్గర మెట్లుమెట్లుగా జారే జలపాతాన్ని చూసి అందరూ ఎప్పటిలాగే ఆనందించారు. ఒక చోట దుఃఖం ఉన్నదని తెలిసినందువల్ల అక్కడి నీళ్ళ అందం తగ్గదని నాకు అప్పుడు బోధపడింది. ఇన్నేళ్ళూ అతిథులను కాపాడుతున్నాననుకొన్నాను. నిజానికి వారిని చిన్నపిల్లలుగా లెక్కకట్టాను.

జలపాతం దగ్గర మేనకోడలు ఒక ధుర్వా యువతి దగ్గరకు వెళ్ళి, సైగలతో అనుమతి అడిగి ఫొటో తీసి, ఆమెకు చూపించింది. ఆ యువతి తనకు నచ్చలేదని మళ్ళీ తీయించుకొన్నది.

అత్తయ్య వెళ్ళిపోయాక నేను ఆ సంతకు మూడు వారాలు వరుసగా వెళ్ళాను. మూడవ వారం ముసలమ్మ కనిపించింది. ఈసారి గోనెపట్టా ప్రక్కన నేలమీద కూర్చొన్నాను. కొడుకు పేరూ, ఆ ఊరి పేరూ కాగితంమీద వ్రాసుకొని, చదివి వినిపించి, సరే అనిపించుకొన్నాను. అత్తయ్య తన చిన్నకూతురికి చెప్పింది. ఆమె అడవి అంచునున్న రెండు మూడు గుడిసెల వాడల్లో అడిగించింది. ఇంతవరకు ఆచూకీ దొరకలేదు. ఆ మాట కూడా దాచకుండా ముసలమ్మకు చేరవేశాను. “అడిగారుగదా” అన్నది. ఆ రోజు కాయలకు డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు కూడా అతిథులు వస్తున్నారు. నా పాఠ్యక్రమం కొంత మారింది. రోజుకు ఒక్క చోటు. చిత్రకోట్‌ను చిత్రకోట్ అనే పిలుస్తాను, జోరా నాలా కథ చెబుతాను. సంతలో కెమెరా కారులో పెట్టి, ముందు ఏదైనా కొని, కూర్చొని మాట్లాడమంటాను. వీలైనంతవరకు ఆ ఊరివారే చూపించే చోట్లకు తీసుకుపోతాను. కాంగేర్ లోయలో ధుడ్‌మారాస్ అనే పల్లె ఉన్నది. అక్కడి యువకులు వెదురు తెప్పలమీద వాగులో త్రిప్పుతారు, తమ ఇళ్ళలో బస ఇస్తారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలుగా తీర్చిదిద్దడానికి ఎంచుకొన్న ఊళ్ళలో అదొకటి. అక్కడ నేను మౌనంగా తెప్పమీద కూర్చొంటాను. మూలగ్రంథమే మాట్లాడుతున్నప్పుడు అనువాదకుడికి పనేమిటి?

దసరాకు దంతేవాడనుంచి అమ్మవారి పల్లకి జగదల్‌పూర్ వస్తుంది. డెబ్బై అయిదు రోజుల బస్తర్ దసరాలో ఆ రాత్రి రాజవంశమూ జనమూ ఎదురేగి ఆమెకు స్వాగతం పలుకుతారు. నిన్న రాత్రి అత్తయ్య ఫోను చేసింది. మోకాళ్ళు సహకరిస్తే ఈసారి పల్లకి చూడడానికి వస్తానన్నది. నేను గది సర్దిస్తానన్నాను, వేడినీళ్ళకు ఇబ్బంది లేదన్నాను. ఆమె అవన్నీ విని, చివర ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

“ఆవిడ సంతకు వస్తున్నదా? కొడుకు కబురేమైనా తెలిసిందా?”

వస్తున్నదని, కబురు తెలియలేదని చెప్పాను. “అయితే నేను వచ్చినప్పుడు ముందు అక్కడికే తీసుకుపో” అన్నది.